పది తర్వాత దారి: హైస్కూళ్లలో వృత్తి పరిచయం, సమాజ సేవ

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలోపే పుత్తూరులో ఇంటింటా ఒకటే చర్చ. ఎంపీసీలో చేర్పించాలా, బైపీసీలోనా? పాలిటెక్నిక్‌కు ర్యాంకు సరిపోతుందా? ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీకి మార్కులు చాలుతాయా? తిరుపతి హాస్టల్లో వేయాలా, ఊళ్లోనే చదివించాలా? నాలుగైదు రోజుల్లో నిర్ణయం జరిగిపోతుంది. చాలా ఇళ్లల్లో దానికి ఆధారం పక్కింటి అబ్బాయి ఏం చదివాడన్నదే. ఆ నిర్ణయానికి ముందు హైస్కూల్లో గడిచిన ఐదేళ్లలో ఆ పిల్లో పిల్లాడో ఒక్క ఉద్యోగాన్నైనా, ఒక్క వృత్తినైనా దగ్గర నుంచి చూశారా అని మాత్రం ఎవరూ అడగరు.

అడగనంత మాత్రాన ప్రశ్న కొత్తదేమీ కాదు. బడి పిల్లలకు పనిని ఎప్పుడు, ఎలా, ఎంత పరిచయం చేయాలన్న వాదం మన దేశంలో దాదాపు తొంభై ఏళ్లుగా సాగుతోంది. అయితే అది ఎక్కువకాలం రెండు పాయలుగానే పారింది. వృత్తి విద్య, కెరీర్ మార్గదర్శనం ఒక పాయ. సమాజ సేవ, శ్రమదానం, స్కౌట్లు, ఎన్‌సీసీ మరో పాయ. ఈ రెండింటికీ కమిటీలు వేరు, పథకాలు వేరు, సర్టిఫికెట్లు కూడా వేరు. మొదటిది ‘నువ్వేమవుతావు?’ అని అడిగితే రెండోది ‘ఊరికి ఏం చేస్తావు?’ అని అడిగింది. ఈ చిక్కుముడి ఇన్నేళ్లుగా విడకపోవడానికి పెద్ద కారణం ఈ విభజనే. ఈ సమీక్ష నిలబడే వాదన అదే.

పిల్లల కళ్లెదుట ఉన్నదేమిటి?

పుత్తూరు చిన్న పట్టణమే అయినా ఇక్కడి పనుల రకాలు మాత్రం తక్కువేం కావు. ఊరు రేణిగుంట–అరక్కోణం రైలుమార్గం మీద ఉంది కాబట్టి ఇటు తిరుపతి, అటు చెన్నై రెండూ అందుబాటులోనే. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను విభజించినప్పుడు పుత్తూరు తిరుపతి జిల్లాలోకి వచ్చింది, పక్కనున్న నగరి చిత్తూరులోనే ఉండిపోయింది. కాగితం మీద గీత పడింది గానీ బతుకుతెరువులో ఆ గీత లేదు. నగరి, పుత్తూరు, నారాయణవనం అంతా మరమగ్గాల సీమ. చుట్టూ మామిడి తోటలు. సత్యవేడు, తడ వైపు శ్రీసిటీ ఉంది. రేణిగుంట దగ్గర ఎలక్ట్రానిక్స్ కర్మాగారాలున్నాయి. తమిళనాడు సరిహద్దు దగ్గరే కావడంతో చాలా ఇళ్లల్లో రెండు భాషలు నడుస్తాయి.

వీటన్నిటికన్నా ఊరికి పేరు తెచ్చింది పుత్తూరు కట్టు. ఎముక విరిగినవాళ్లు దూరప్రాంతాల నుంచి వెతుక్కుంటూ వస్తారు. తరాలుగా ఒకే కుటుంబంలో తండ్రి నుంచి కొడుక్కి అందుతూ వచ్చిన విద్య అది. అక్కడికి ముప్ఫై కిలోమీటర్లకు కాస్త పైన తిరుపతిలో, ఎముకల వైద్యం కోసమే టీటీడీ 1985లో స్థాపించిన బర్డ్ ఆస్పత్రి ఉంది. అక్కడి వైద్య విశ్వవిద్యాలయం స్విమ్స్‌లో ఫిజియోథెరపీ, పారామెడికల్ కోర్సులున్నాయి. కట్టు కట్టే చేతుల్ని రోజూ చూస్తూ పెరిగిన పుత్తూరు పిల్లకు ఎముకల మీద ఆసక్తి కలిగిందనుకోండి. ఆమె ఫిజియోథెరపిస్టు కావచ్చు, ఎక్స్‌రే టెక్నీషియన్ కావచ్చు, ఆయుర్వేద వైద్యురాలు కావచ్చు, ఆర్థోపెడిక్ సర్జన్ కూడా కావచ్చు. ఈ నాలుగింటిలో దేనికి ఏ గ్రూపు తీసుకోవాలో, ఎన్నేళ్లు చదవాలో, ఎంత ఖర్చవుతుందో ఆమెకు చెప్పేదెవరు? కళ్లెదుట పని ఉంది, పక్క పట్టణంలో చదువు ఉంది, నడుమ దారి మాత్రం లేదు.

దారి తెలియక చేజారే చదువులు ఇంకా ఉన్నాయి. పదో తరగతి పాసైనవాళ్లకు వెంకటగిరిలో ప్రగడ కోటయ్య పేరుతో నడిచే చేనేత సాంకేతిక సంస్థలో మూడేళ్ల డిప్లొమా ఉంది. తిరుపతిలో టీటీడీ 1960లో పెట్టిన సంప్రదాయ శిల్ప కళాశాల ఉంది. వ్యవసాయ, పశువైద్య విశ్వవిద్యాలయాల కింద రెండేళ్ల పాలిటెక్నిక్ డిప్లొమాలున్నాయి. ఇంటర్ ఒకేషనల్‌లో ల్యాబ్ టెక్నీషియన్, మల్టీపర్పస్ హెల్త్ వర్కర్ లాంటి కోర్సులున్నాయి. మగ్గం నేసే ఇంట్లో పుట్టిన పిల్లాడికి వెంకటగిరి సంగతి తెలియకపోవడం విచిత్రం కాదు. ఇంట్లో వాళ్లకూ తెలియదు, బడిలో చెప్పడమూ ఎవరి బాధ్యతా కాదు.

వార్ధా నుంచి కొఠారీ దాకా

1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన సదస్సు ఈ చరిత్రకు మొదలు. చేతిపనిని కేంద్రంగా పెట్టుకుని మిగతా పాఠాలన్నీ దాని చుట్టూ అల్లాలన్నది గాంధీ ప్రతిపాదన. దానికి జాకిర్ హుసేన్ కమిటీ పాఠ్యప్రణాళిక రూపం ఇచ్చింది. ఆ నయీ తాలీమ్ బడిలో పని అనేది చదువు పక్కన ఉండే వేరే సబ్జెక్టు కాదు, లెక్కలూ భూగోళమూ నేర్చుకునే దారి. అందులో సేవ, వృత్తి రెండూ కలిసే ఉన్నాయి. ఆ తర్వాత అవి మళ్లీ అంత దగ్గరగా కలిసింది లేదు.

1952–53లో వచ్చిన మాధ్యమిక విద్యా కమిషన్‌కు అధ్యక్షుడు కర్నూలులో పుట్టిన ఎ. లక్ష్మణస్వామి మొదలియార్. పిల్లలందరినీ ఒకే మూసలో పోయకుండా రకరకాల శాఖలున్న బహుళార్థసాధక హైస్కూళ్లు పెట్టాలని, విద్యార్థికి విద్యలోనూ వృత్తిలోనూ దారి చూపే మార్గదర్శకులుండాలని ఆ నివేదిక గట్టిగా చెప్పింది. 1954లో కేంద్రంలో మార్గదర్శన బ్యూరో కూడా ఏర్పడింది. కానీ ప్రయోగశాలలు, వర్క్‌షాపులు, శిక్షణ పొందిన టీచర్లు సరిపడా లేక బహుళార్థసాధక బడి చాలాచోట్ల పేరుకే మిగిలింది.

కొఠారీ కమిషన్ (1964–66) మరో మెట్టు ఎక్కింది. పని అనుభవం, సామాజిక సేవ అన్ని స్థాయిల విద్యలోనూ అంతర్భాగం కావాలంది. సేవకు కాలేజీల్లో సంస్థారూపం దొరికింది. గాంధీ శతజయంతి ఏడాది 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో జాతీయ సేవా పథకం, అంటే ఎన్‌ఎస్‌ఎస్ మొదలైంది. హైస్కూలుకు మాత్రం అలాంటి ఏర్పాటు జరగలేదు. ప్లస్ టూ స్థాయికి ఎన్‌ఎస్‌ఎస్ రావడానికే 1985 దాకా పట్టింది. 1977లో ఈశ్వరభాయ్ పటేల్ కమిటీ సామాజికోపయోగ ఉత్పాదక పని అనే పీరియడ్‌ను తెచ్చింది. పని, సేవ మళ్లీ ఒక పేరు కిందికి వచ్చాయి గానీ ఆచరణలో అది బడి ఆవరణ ఊడ్చడం, కాగితం పూలు చేయడం దగ్గర ఆగిపోయింది. సిలబస్ మిగిలిపోతే మొదట ఎత్తేసేది ఆ పీరియడ్‌నే.

1986 జాతీయ విద్యావిధానం ఎక్కువగా వృత్తివిద్య వైపు మొగ్గింది. హయ్యర్ సెకండరీ విద్యార్థుల్లో 1990 నాటికి 10 శాతాన్ని, 1995 నాటికి 25 శాతాన్ని వృత్తి కోర్సుల్లోకి మళ్లించాలని లక్ష్యం పెట్టుకుంది. 1992 సవరణలో ఆ గడువుల్ని 1995కూ 2000కూ జరపాల్సి వచ్చింది. 2020 జాతీయ విద్యావిధానపత్రం చెప్పిన లెక్క ప్రకారం 19–24 ఏళ్ల కార్మికుల్లో లాంఛనంగా వృత్తివిద్య పొందినవాళ్లు 5 శాతం లోపే. అదే పత్రంలో జర్మనీకి 75, దక్షిణ కొరియాకు 96 శాతం అని ఉంది. ఇన్నేళ్లలో రాసిన నివేదికలన్నీ ఆ 5 శాతం ముందు చిన్నబోతాయి.

2020 విధానం 6 నుంచి 8 తరగతుల మధ్య పది రోజుల పాటు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు, కళాకారుల దగ్గర పిల్లలు పని నేర్వాలని చెప్పింది. 2023 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పనిని మూడుగా చూసింది: ప్రాణులతో పని, యంత్రాలూ పదార్థాలతో పని, మనుషులకు చేసే సేవ. ఈ మూడో విభాగం గమనించదగ్గది. సేవ కూడా ఒక వృత్తిరంగమేనని పాఠ్యప్రణాళికే ఒప్పుకుంది.

సేవ పాయ: స్కౌట్ల నుంచి అక్షర తపస్మాన్ దాకా

సేవ బడుల్లోకి ప్రధానంగా యూనిఫాం వేసుకుని వచ్చింది. జూనియర్ రెడ్‌క్రాస్ 1920ల నుంచి ఉంది. స్కౌట్ సంఘాలు 1950 నవంబరు 7న ఏకమయ్యాయి. 1948 చట్టంతో ఎన్‌సీసీ వచ్చింది. 2001లో హరిత దళాలు వచ్చాయి. ఇవన్నీ పిల్లలకు క్రమశిక్షణ, ప్రథమ చికిత్స, జట్టుగా పనిచేయడం నేర్పాయి. తిరుమల బ్రహ్మోత్సవాల్లో క్యూలైన్ల దగ్గర, మంచినీళ్లు పంచేచోట కనిపించే స్కౌట్లు, గైడ్లు ఈ జిల్లా వాళ్లకు పరిచయమే. 2000లో టీటీడీ మొదలుపెట్టిన శ్రీవారి సేవ వేలాది మందిని కదిలించింది గానీ అది పెద్దల కోసం. అయితే బడిలోని ఈ దళాలన్నిట్లో చోటు దొరికేది కొద్దిమందికే. తరగతిలో ఐదారుగురు స్కౌట్లయితే మిగిలినవాళ్లకు సేవంటే ఆగస్టు 15 ముందు గ్రౌండు శుభ్రం చేయడం.

ఈ పాయలో ఉమ్మడి చిత్తూరు జిల్లాకు సొంతమైన ఘట్టం ఒకటుంది. దాని గురించి ఇవాళ తగినంతగా మాట్లాడుకోవడం లేదు. 1990 ఫిబ్రవరిలో ఎర్నాకుళం సంపూర్ణ అక్షరాస్యత జిల్లాగా ప్రకటించుకున్న తర్వాత ఆ ఉద్యమం దేశమంతా పాకింది. 1990ల తొలి ఏళ్లలో చిత్తూరు జిల్లాలో అది ‘అక్షర తపస్మాన్’ పేరుతో నడిచింది. ఇలాంటి ఉద్యమాలకు నిలువు కంబం జీతం లేని వాలంటీర్లు. వాళ్లలో చదువుకుంటున్న పిల్లలు, చదువు ఆపేసిన యువత చాలామంది. సాయంత్రం వీధి దీపం కింద నలుగురైదుగురు పెద్దల్ని కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించారు. పొరుగున నెల్లూరులో ఇలాంటి అక్షరాస్యతా ఉద్యమమే దూబగుంట మహిళల సారా వ్యతిరేక పోరాటానికి ఊపిరి పోసింది.

హైస్కూలు వయసు పిల్లల సేవకు నమూనా కావాలంటే ఎక్కడికో పోనక్కరలేదు, ఇదొక్కటి చాలు. మూడు కారణాల వల్ల అది మొక్కుబడి సేవ కాలేదు. చేసే పని అవసరమైనది. పక్కన జవాబుదారీగా ఒక పెద్దవారు ఉండేవారు. ఫలితం కళ్లకు కనిపించేది, నిన్న నిశాని వేసిన మనిషి ఇవాళ సంతకం పెట్టేది. అలా పాఠం చెప్పినవాళ్లలో టీచరు కావాలన్న కోరిక పుట్టినవాళ్లు లేకుండా ఉంటారా? అయినా సేవకూ వృత్తికీ ఉన్న ఆ లింకును ఏ పథకమూ నమోదు చేసుకోలేదు. ఉద్యమం అయిపోగానే మళ్లీ ఎవరి పాయ వాళ్లదైంది.

నాలుగు వాదాలు

ఇప్పుడు ఈ రంగంలో వినిపించే అభిప్రాయాల్ని స్థూలంగా నాలుగుగా చూడొచ్చు.

మొదటివాళ్లు పని ద్వారానే చదువు అంటారు. గాంధీ, కొఠారీల వారసత్వం వీళ్లది. బలం ఏమిటంటే చేతికీ బుద్ధికీ మధ్య గోడ లేకుండా చూడటం. ఇబ్బంది ఏమిటంటే దానికి కావాల్సిన టీచరు వేరే రకం మనిషి. ఆ టీచర్ని తయారుచేసే కాలేజీలు మనకు లేవు.

రెండోవాళ్లది నైపుణ్యాల వాదం. 2013 డిసెంబరులో వచ్చిన జాతీయ నైపుణ్య అర్హతల చట్రం, సమగ్ర శిక్ష కింద తొమ్మిది, పది తరగతుల్లో నడిచే ఒకేషనల్ ట్రేడ్లు ఈ కోవలోవి. ఐటీ, వ్యవసాయం, ఆరోగ్య సంరక్షణ, బ్యూటీ, ఆటోమొబైల్ లాంటివి బడిలోనే నేర్పుతారు. చేతికి పని వస్తుంది, నిజమే. కానీ ట్రైనర్లు ఏజెన్సీల ద్వారా ఒప్పందం మీద వస్తారు, బడికి దక్కిన ట్రేడే పిల్లలందరికీ దక్కుతుంది. ఒక బడికి బ్యూటీ ట్రేడ్ వస్తే ఆ ఊరి ఆడపిల్లలకు వృత్తి ప్రపంచమంటే అదేననిపించే ప్రమాదం ఉంది.

మూడోవాళ్లది మార్గదర్శన వాదం. 1909లో వచ్చిన ఫ్రాంక్ పార్సన్స్ పుస్తకం దీనికి మూలం: నిన్ను నువ్వు తెలుసుకో, పనుల గురించి తెలుసుకో, రెండింటినీ సరిచూసుకో. ఆ తర్వాత డొనాల్డ్ సూపర్, వృత్తి ఎంపిక ఒక్క రోజు నిర్ణయం కాదనీ ఏళ్ల తరబడి ఎదిగేదనీ చెప్పి దాన్ని సవరించాడు. మన దగ్గర ఆప్టిట్యూడ్ పరీక్షలు, కెరీర్ మేళాలు, 2020లో యునిసెఫ్ సాయంతో రాష్ట్రంలో వచ్చిన కెరీర్ పోర్టల్ ఈ దారిలోవి. సమాచారం అందరికీ చేరుతుంది, అది చిన్న విషయం కాదు. కానీ ఫోన్ తెరమీద వందల వృత్తుల జాబితా చూసిన పిల్లకు వాటిలో ఒక్కటి చేసే మనిషైనా తెలియకపోతే ఆ జాబితా జాబితాగానే ఉండిపోతుంది. అమెరికాలో స్కూల్ కౌన్సిలర్ల సంఘం 250 మందికి ఒక కౌన్సిలర్ ఉండాలంటుంది. మన జడ్పీ హైస్కూళ్లలో చాలావాటిలో అలాంటి కౌన్సిలరే లేరు. ఆ పనంతా ఒక హెచ్‌ఎం ఓపిక మీద, ఒక సైన్సు మాస్టారి ఆసక్తి మీద ఆధారపడింది.

నాలుగో వాదం వీటన్నిటినీ అనుమానంగా చూస్తుంది. పేద పిల్లలకు కావాల్సింది ముందు బలమైన చదువు, ఇంగ్లిషు, లెక్కలు. పని పరిచయం పేరుతో వాళ్ల దృష్టిని మళ్లించకండి, డాక్టరు కొడుక్కి చెప్పని వడ్రంగం మా పిల్లలకే ఎందుకు చెబుతారు అని అడుగుతుంది. ఈ ప్రశ్నను దాటవేసి ముందుకు పోవడం తప్పు. దీని వెనక చేదు చరిత్ర ఉంది.

1953 నీడ

1953లో పుత్తూరు ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. ఆంధ్ర రాష్ట్రం అక్టోబరు 1న గానీ ఏర్పడలేదు. ఆ ఏడాది వేసవి సెలవుల తర్వాత ముఖ్యమంత్రి రాజగోపాలాచారి (రాజాజీ) పల్లె బడుల్లో కొత్త ప్రాథమిక విద్యాపథకం తెచ్చారు. రోజుకు మూడు గంటలే బడి. మిగతా పూట పిల్లలు తల్లిదండ్రుల దగ్గర వాళ్ల పని నేర్చుకోవాలి. ఉన్న టీచర్లతోనే రెండు షిఫ్టులు నడిపి ఎక్కువమందిని చేర్చుకోవచ్చన్నది ప్రభుత్వ వాదన. కానీ చాకలి బిడ్డ రేవుకు, కుమ్మరి బిడ్డ సారెకు తిరిగి పోవాలన్నదే దాని అర్థమని ద్రావిడ ఉద్యమం మండిపడింది. జనం దానికి కులకల్వి, అంటే కులవిద్య అని పేరుపెట్టారు. 1954లో రాజాజీ పదవి వదిలారు, తర్వాత వచ్చిన కామరాజ్ పథకాన్ని రద్దు చేశారు.

డెబ్బై ఏళ్లు దాటినా ఆ నీడ తొలగలేదు. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరిస్తూ 14 ఏళ్ల లోపు పిల్లలు బడి వేళలు కాని సమయంలో కుటుంబ వృత్తిలో సాయపడొచ్చని మినహాయింపు ఇచ్చినప్పుడు అదే భయం మళ్లీ లేచింది. మరమగ్గాలున్న ఊళ్లో ఆ మినహాయింపుకు అర్థమేమిటో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు.

ఈ వాదంలో రచయిత కంచ ఐలయ్య చూపిన దారి ఆలోచించదగ్గది. ఆయన పేద పిల్లలకు ఇంగ్లిషు చదువు కావాలని గట్టిగా వాదించిన మనిషి. అదే ఐలయ్య 2007లో పిల్లల కోసం శ్రమ గౌరవం మీద ఒక పుస్తకం రాశారు. కుమ్మరి, చాకలి, మంగలి, రైతు పనుల్లోని విజ్ఞానాన్ని బడిలో పిల్లలందరికీ చెప్పాలన్నది దాని సారం. ఇక్కడ తేడా సూక్ష్మమైనదే అయినా చాలా పెద్దది. రాజాజీ పథకంలో ప్రతి పిల్లా తన ఇంటి పని నేర్చుకోవాలి. ఐలయ్య ఊహలో ప్రతి పిల్లా ఎదుటివారి పనిని గౌరవంగా తెలుసుకోవాలి. ఈ గీత స్పష్టంగా గీసుకోకుండా ఏ వృత్తి పరిచయ పథకం పెట్టినా నాలుగో వాదం చెప్పిన ప్రమాదంలో పడుతుంది. స్థానిక కుమ్మరి దగ్గరికి పంపమన్న 2020 విధానం కూడా ఎవరి పిల్లల్ని ఎవరి దగ్గరికి పంపాలో చెప్పలేదు.

సేవను తప్పనిసరి చేయాలా?

రెండో పాయలో పెద్ద తగువు ఇదే. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రం హైస్కూలు పట్టాకు 75 గంటల సేవను తప్పనిసరి చేసింది. కెనడాలోని ఒంటారియోలో 1999 నుంచి 40 గంటలు. ఆ రెండు చోట్లా స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు ఈ గంటల లెక్క బాగా తెలుసు. ఫుడ్ బ్యాంకులో, గుడిలో, లైబ్రరీలో గంటలు పూర్తిచేసి సంతకాలు తెచ్చుకుంటారు. కాలేజీ దరఖాస్తులోనూ అది పనికొస్తుంది.

బలవంతం ఏం చేస్తుందన్నదానిపై పరిశోధన ఉంది. 1999లో స్టూకస్, స్నైడర్, క్లారీ ప్రచురించిన అధ్యయనంలో, సొంతంగా సేవకు ఇష్టపడని విద్యార్థులకు అది తప్పనిసరైతే మున్ముందు స్వచ్ఛందంగా చేయాలన్న ఉద్దేశం ఇంకా తగ్గింది. ఒంటారియోలో నిబంధన కిందికి వచ్చినవాళ్లనూ రానివాళ్లనూ పోల్చిన పరిశోధనకు ఆ తర్వాతి సామాజిక భాగస్వామ్యంలో చెప్పుకోదగ్గ తేడా దొరకలేదు. అంటే తప్పనిసరి చేస్తే అందరూ సేవాపరులైపోతారన్న ఆశకూ బలం లేదు, అందరూ చెడిపోతారన్న భయానికీ బలం లేదు.

మన దగ్గర తప్పనిసరి ప్రయోగం డిగ్రీలో జరిగింది. 2020–21 నుంచి వచ్చిన కొత్త డిగ్రీ పాఠ్యప్రణాళికలో రాష్ట్ర ఉన్నత విద్యామండలి 180 గంటల సామాజిక సేవా ప్రాజెక్టు పెట్టింది. ఊళ్లో సర్వే చేయాలి, సమస్య గుర్తించాలి, అవగాహన కల్పించాలి, నివేదిక రాయాలి. శ్రద్ధ ఉన్న కాలేజీల్లో అది నిజమైన పనైంది. లేనిచోట ఒకరి నివేదిక పదిమంది పేర్లతో చేతులు మారింది. హైస్కూలుకు తెచ్చేముందు నేర్చుకోవాల్సిన పాఠం ఇదే. గంటలు లెక్కపెట్టినచోట గంటలే పుడతాయి. ఎవరి దగ్గర పని చేశారు, ఆ మనిషి ఆ పిల్ల గురించి ఏం చెప్పగలరు అన్నది అడిగితే మొక్కుబడి కొంతైనా తగ్గుతుంది.

మార్కుల ఎర సంగతీ అంతే. కేరళలో 2010లో మొదలైన స్టూడెంట్ పోలీస్ క్యాడెట్, ఎన్‌ఎస్‌ఎస్ లాంటి వాటికి గ్రేస్ మార్కులిస్తారు. మన దగ్గర ఎన్‌సీసీకి ప్రవేశాల్లో కోటా ఉంది. దాంతో చేరేవాళ్లు పెరుగుతారు, ఆ మార్కుల కోసమే చేరేవాళ్లూ పెరుగుతారు.

పొరుగును చూస్తే

పుత్తూరు నుంచి కాస్త దూరం పోతే తమిళనాడు. అక్కడ 2022 మార్చి 1న మొదలైన ‘నాన్ ముదల్వన్’ పథకం బడి నుంచి కాలేజీ దాకా మార్గదర్శనాన్ని ప్రభుత్వ బాధ్యతగా చేసింది. ఇటు మన రాష్ట్రంలో ఇంటర్‌లో గణితం, జీవశాస్త్రం రెండూ కలిపి చదువుకునే వెసులుబాటు ఈమధ్యే వచ్చింది. పదిహేనేళ్లకే ఒక తలుపు మూసేసుకోవాల్సిన కష్టం దాంతో కొంత తగ్గింది. ఇంగ్లండ్‌లో 2014 నుంచి వాడుకలో ఉన్న గాట్స్‌బీ కెరీర్ మార్గదర్శన ప్రమాణాలు ఎనిమిదింటిలో ముఖ్యమైనవి పని చేసేవాళ్లను కలవడం, పనిచేసే చోటు చూడటం. సమాచారం ఇవ్వడం వాటిలో ఒకటి మాత్రమే. మనం ఆ ఒక్కదాని దగ్గరే ఆగిపోయాం.

మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలో గ్రామీణ విద్యాకేంద్రం చుట్టుపక్కల పల్లెల కోసం చిన్న బడులు నడిపి దేశానికే పేరున్న బోధనా పద్ధతిని తయారుచేసింది. ఊరితో బడికి సంబంధం ఉంటే ఏం సాధ్యమో అది చూపింది. ఆ వనరులు లేని జడ్పీ హైస్కూల్లో ఏం చేయొచ్చన్నది మాత్రం మనకు మనమే తేల్చుకోవాలి.

రెండు పాయలూ కలిసేచోటు

సేవను సరిగ్గా ఏర్పాటు చేస్తే అదే వృత్తి పరిచయం అవుతుంది. అంతేకాదు, 1953 భయానికి జవాబు కూడా అక్కడే దొరుకుతుంది. ఎందుకంటే సేవకు పోయే పిల్ల తన ఇంటి పనిలోకి పోదు, వేరేవాళ్ల పనిలోకి పోతుంది. మగ్గం ఇంటి పిల్ల ఆరోగ్య కేంద్రానికి, మామిడి రైతు కొడుకు శాఖా గ్రంథాలయానికి, ఆటో డ్రైవరు కూతురు పశువైద్యశాలకు, ఉద్యోగి కొడుకు చేనుకు. ‘నీ ఇంటి పని కానిదే చూడు’ అన్న ఒక్క నియమం పెడితే కులం గీసిన గీతను బడి చెరిపే అవకాశం ఉంటుంది.

దానికి కావాల్సిన చోట్లు కొత్తగా కట్టాల్సిన పనిలేదు. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయాల్లోనే ఎన్ని రకాల ఉద్యోగాలున్నాయో చూడండి: ఏఎన్ఎం, సర్వేయరు, ఇంజినీరింగ్ అసిస్టెంటు, డిజిటల్ అసిస్టెంటు, వ్యవసాయ సహాయకులు, పశుసంవర్ధక సహాయకులు, మహిళా పోలీసు, సంక్షేమ సహాయకులు. ఒక్కో ఉద్యోగం వెనక ఒక్కో కోర్సు, ఒక్కో ప్రవేశపరీక్ష. పైగా ఆ ఉద్యోగులు చాలామంది ఏ పరీక్ష ఎలా రాశారో చెప్పగల వయసువాళ్లు. తొమ్మిదో తరగతి పిల్లలు ఏఎన్ఎంతో కలిసి నాలుగు శనివారాలు వీధిలో తిరిగి డెంగీ గురించి ఇంటింటికీ చెబితే ఊరికి మేలు, నర్సింగ్ అంటే ఏమిటో ఆ పిల్లలకు తెలుస్తుంది. సర్వేయరుతో పోతే త్రికోణమితి ఎందుకు పనికొస్తుందో అర్థమవుతుంది.

తొమ్మిదో తరగతి అనడానికి కారణం ఉంది. పదిలో బడులు స్పెషల్ క్లాసులు, స్లిప్ టెస్టులు తప్ప మరేదీ ఒప్పుకోవు. దానితో పోట్లాడటం వృథా. ఆరేడు తరగతులు చూడటానికి సరిపోతాయి గానీ చేయడానికి చిన్న వయసు. ఎనిమిది వేసవి సెలవుల నుంచి తొమ్మిది చివరిదాకా ఉన్న కాలమే అసలు అవకాశం.

తేలనివి

ఈ దారిలో పోతే ఎదురయ్యే చిక్కులు చిన్నవి కావు. ఆడపిల్లల రాకపోకలు అన్నిటికన్నా ముందు. బడి నుంచి సచివాలయానికో ఆస్పత్రికో పోయి రావడానికి ఎవరు తోడుంటారు, ఆలస్యమైతే ఎవరిది పూచీ, ఇంట్లో ఒప్పుకుంటారా? ఇది తేలకపోతే పథకం మగపిల్లలదే అవుతుంది. రెండోది, సేవ ఎక్కడ ఆగి ఉచిత కూలీ ఎక్కడ మొదలవుతుందన్నది. ఆఫీసు ఫైళ్లు మోయించడం, గదులు ఊడ్పించడం వృత్తి పరిచయం కాదు. ప్రతి చోటా పిల్లలతో ఏం చేయించకూడదో ముందే రాసిపెట్టాలి. మరమగ్గాల షెడ్ల లాంటి చోట్లకు పనిచేయడానికి కాదు, చూడటానికి మాత్రమే పంపాలి.

మూడోది ప్రైవేటు బడులు. వాళ్లు చేరకపోతే సేవ చేసేది ప్రభుత్వ బడి పిల్లలు, ర్యాంకులు తెచ్చుకునేది వేరేవాళ్లు అన్న పాత అసమానత్వం కొత్త పేరుతో మళ్లీ వస్తుంది. నాలుగోది నమోదు. పిల్ల ఎక్కడ పనిచేసిందో, ఏం నేర్చుకుందో నాలుగు వాక్యాల్లో రాసి ఆ ఉద్యోగి సంతకం చేసిన కాగితానికి ఇంటర్, పాలిటెక్నిక్ ప్రవేశాల్లో ఏమైనా విలువ ఇవ్వాలా? ఇస్తే మార్కుల ఎర మొదలవుతుంది, ఇవ్వకపోతే తల్లిదండ్రులు పట్టించుకోరు. ప్రవేశాలకు కాకుండా పది తర్వాత హెచ్‌ఎం, తల్లిదండ్రులు, విద్యార్థి కలిసి గ్రూపు ఎంచుకునే రోజున ముందు పెట్టుకోవడానికి మాత్రమే దాన్ని వాడటం మధ్యేమార్గం కావచ్చు.

చివరిది, దీనికి యజమాని ఎవరన్నది. విద్యాశాఖకు ఆస్పత్రి మీద అధికారం లేదు, ఆరోగ్యశాఖకు బడి మీద లేదు, మున్సిపాలిటీకి రెండింటి మీదా లేదు. రెండు పాయలూ ఇన్నేళ్లు కలవకపోవడానికి వెనకున్న పరిపాలనా కారణం కూడా ఇదే. ఒక మండలంలో ఎంఈఓ, సచివాలయాల బాధ్యత చూసే అధికారి, ఆస్పత్రి సూపరింటెండెంటు కూర్చుని ఏడాదికి ఒక క్యాలెండరు వేసుకోవడానికి కొత్త చట్టం అక్కరలేదు, కొత్త బడ్జెట్ కూడా పెద్దగా అక్కరలేదు. పుత్తూరు లాంటి చోట, నాలుగైదు హైస్కూళ్లతో, ఒక్క తొమ్మిదో తరగతితో అది మొదలుపెట్టి చూస్తే ఆడపిల్లల రాకపోకల ప్రశ్నకూ సంతకం విలువ ప్రశ్నకూ కమిటీలు ఇవ్వలేకపోయిన జవాబులు రెండేళ్లలో దొరకొచ్చు.